పెట్రోలు ఎక్కడ ఆగుతోంది? పాత సైనిక జీపులో ఇంధన దోష నిర్ణయం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తయారైన విల్లీస్ జీపు గానీ, ఆ తరువాత భారత సైన్యం కోసం జబల్‌పూర్‌లో రూపుదిద్దుకున్న జోంగా గానీ దారి మధ్యలో దగ్గి ఆగిపోయినప్పుడు, ఇంజిన్‌కు పెట్రోలు అందడం లేదని అనుమానించడం తేలిక. ట్యాంకుకూ సిలిండరుకూ మధ్య ఆ పెట్రోలు ఏ చోట, ఏ కారణం వల్ల ఆగిందో తేల్చడమే కష్టం. ట్యాంకు మూతలో పూడిపోయిన గాలి రంధ్రం, గొట్టంలో కంటికి కనబడని చిల్లు, చిరిగిన పంపు పొర, వేడికి ఆవిరైన పెట్రోలు, చివరకు ఇంధనంతో సంబంధమే లేని జ్వలన కాయిల్ కూడా బయటికి ఒకే లక్షణంగా కనిపిస్తాయి. అందువల్ల ఈ పనిలో మొదటి సూత్రం, విడిభాగాన్ని మార్చడానికి ముందు ప్రవాహం ఎంతవరకు సవ్యంగా వచ్చి ఎక్కడ తగ్గిందో కొలిచి తెలుసుకోవడం. ఢిల్లీ జాతీయ రాజధాని ప్రాంతంలోని వేసవి, అక్కడ పాత బండ్లకు వర్తించే నిబంధనలు, నేటి ఇథనాల్ మిశ్రమ పెట్రోలు కలిసి ఈ సూత్రానికి ప్రాధాన్యాన్ని మరింత పెంచాయి.

తక్కువ నడిచి ఎక్కువ నిలబడే బండ్లు

1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి దాదాపు 6 లక్షల 40 వేల జీపులను తయారు చేశాయి. యుద్ధానంతరం 1940ల చివరి నుంచి మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను ముంబయిలో కూర్చడం ప్రారంభించడంతో ఆ రకం బండి భారత సైన్యంలోనూ, ప్రభుత్వ శాఖల్లోనూ స్థిరపడింది. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ రంగంలో పరమవీరచక్ర గ్రహీత అబ్దుల్ హమీద్ పాకిస్తానీ ట్యాంకులను ఛేదించింది జీపు మీద అమర్చిన ఫిరంగితోనే. దాని తరువాతి తరానికి చెందిన జోంగా, నిస్సాన్ పాట్రోల్ అనే వాహనం ఆధారంగా 1969 నుంచి 1999 వరకు జబల్‌పూర్‌లో తయారైంది. దానిలో దాదాపు 4 లీటర్ల సామర్థ్యం గల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఉంటుంది. సైన్యం వేలంలో అమ్మివేసిన ఇటువంటి బండ్లను జాగ్రత్తగా కాపాడుకునే అభిరుచి ఢిల్లీ పరిసరాల్లో బలంగా ఉంది. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ప్రారంభించిన పాత కార్ల ర్యాలీకి వేదిక ఢిల్లీయే. హర్యానాలోని తావడూలో 2013లో ప్రారంభమైన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఈ ప్రాంతంలోనిదే.

అయితే 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను నిలబెట్టిన ప్రాంతం కూడా ఇదే. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ విభాగం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. అవి ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కవచ్చు గానీ రోజువారీ ప్రయాణానికి పనికిరావు. దీనివల్ల రెండు పరిణామాలు కలుగుతున్నాయి. మొదటిది, పాత ఇంజిన్ తీసివేసి కొత్తది పెట్టి సమస్యను తప్పించుకునే దారి మూసుకుపోయి, అసలు అమరికనే అర్థం చేసుకొని బాగుచేయవలసి వస్తుంది. రెండోది, నెలల తరబడి కదలని బండిలో పెట్రోలులోని తేలికపాటి అంశాలు ఆవిరైపోయి, మిగిలినది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి జిగురుగా మారి సన్నని రంధ్రాలను పూడుస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలపై వర్షాకాలపు తేమ, శీతాకాలపు రాత్రుల చెమ్మ చేరి తుప్పు పట్టిస్తాయి. ఈ బండ్లలో ఇంధన దోషాలు చాలావరకు తిరగడం వల్ల కాక నిలబడడం వల్ల వచ్చేవే.

పెట్రోలు నడిచే దారి

విల్లీస్ ఎంబీ జీపులో సుమారు 57 లీటర్ల ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. దాని అడుగు వరకు దిగిన గొట్టం ద్వారా పెట్రోలు ఉక్కు పైపులోకి, అక్కడి నుంచి ఇంజిన్ గదిలోని ఫిల్టరుకు చేరుతుంది. ఆ ఫిల్టరు అడుగున ఉన్న గిన్నెలో నీరు, మట్టి, తుప్పు పేరుకుంటాయి. తరువాతది ఇంజిన్ దిమ్మకు బిగించిన యాంత్రిక పంపు. దాని నుంచి మరో పైపు కార్టర్ కార్బురేటర్‌కు వెళ్తుంది. కార్బురేటర్ అంటే గాలి వేగంగా పోయే సన్నని గొంతులో ఏర్పడే అల్పపీడనంతో పెట్రోలును పీల్చి గాలిలో తుంపరగా కలిపే పరికరం. అందులోని చిన్న తొట్టెలో తేలే ఇత్తడి బుడ్డిని ఫ్లోట్ అంటారు. పెట్రోలు మట్టం పెరిగితే అది పైకి లేచి ఒక సూది కవాటాన్ని మూస్తుంది, మట్టం తగ్గితే తెరుస్తుంది.

మొత్తం దారిలో పంపు పనితీరును బాగా గ్రహించడం అవసరం. ఇంజిన్‌లోని క్యామ్ షాఫ్టు మీది ఉబ్బు ఒక మీటను నెట్టినప్పుడు, రబ్బరు పూసిన గుడ్డతో చేసిన డయాఫ్రం అనే పొర కిందికి జరిగి ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. మీట వదలగానే ఒక స్ప్రింగు ఆ పొరను పైకి నెట్టి పెట్రోలును కార్బురేటర్ వైపు పంపుతుంది. అంటే పీల్చడం ఇంజిన్ పని, నెట్టడం స్ప్రింగు పని. తొట్టె నిండి సూది కవాటం మూసుకుంటే పొర కిందనే నిలిచిపోయి మీట ఊరికే ఊగుతుంది. స్ప్రింగు బలాన్ని బట్టి వచ్చే పీడనం చదరపు అంగుళానికి కొద్ది పౌండ్లు మాత్రమే. కాబట్టి పంపు బలహీనపడినా ఐడ్లింగ్‌లో కావలసిన కొద్దిపాటి పెట్రోలును అందించగలదు. ఎత్తు ఎక్కేటప్పుడో, వేగం పెంచినప్పుడో అవసరం పలు రెట్లు పెరిగి తొట్టె ఖాళీ అవుతుంది. నిలబడి ఉన్నప్పుడు చక్కగా మోగే ఇంజిన్ రోడ్డు మీద మొరాయించడానికి తరచుగా ఇదే కారణం.

మొదట చూడవలసినవి

బండి ఆగిన క్షణంలో దొరికే సాక్ష్యం చల్లారిన తరువాత దొరకదు. అందువల్ల ఆగిన వెంటనే ఎయిర్ క్లీనర్ గొట్టం తప్పించి, ఇంజిన్ ఆపి ఉంచి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ మీటను ఒక్కసారి గట్టిగా తెరవాలి. కార్బురేటర్‌లో అంతర్భాగమైన చిన్న పిస్టన్ పంపు అప్పుడు సన్నని పెట్రోలు ధారను గొంతులోకి చిమ్ముతుంది. ధార స్పష్టంగా కనిపిస్తే తొట్టెలో పెట్రోలు ఉన్నట్లే గనుక పరిశీలనను ప్రధాన జెట్ల (పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రాల) మీదికి, జ్వలన వ్యవస్థ మీదికి మళ్లించాలి. కాయిల్, కండెన్సర్ వేడెక్కినప్పుడు పనిచేయడం మాని చల్లారాక మళ్లీ పుంజుకోవడం సాధారణం, అది పెట్రోలు కొరతను అచ్చంగా పోలి ఉంటుంది. ధార రాకపోతే తొట్టె ఖాళీ అయివుండవచ్చు, ఆ చిన్న పిస్టన్ తోలు ఎండిపోయి అయినా ఉండవచ్చు. తొట్టెకు వచ్చే పైపు వదులు చేసి చూస్తే ఆ సందేహం తీరుతుంది.

తొట్టె ఖాళీ అని తేలితే దారిని సగానికి విభజించే పరీక్ష మొదలవుతుంది. శుభ్రమైన పెట్రోలు ఉన్న చిన్న డబ్బాను కార్బురేటర్ కన్నా కొంచెం ఎత్తులో స్థిరంగా ఉంచి, గొట్టంతో నేరుగా కార్బురేటర్‌కు అందించినప్పుడు ఇంజిన్ సాఫీగా నడిస్తే, కార్బురేటర్ నిర్దోషి అనీ, లోపం దానికి వెనుక ఉందనీ తెలుస్తుంది. తరువాత అదే డబ్బాను కింద పెట్టి, పంపు పీల్చే మూతికి కలపాలి. ఇప్పుడూ బాగా నడిస్తే పంపు కూడా నిర్దోషే, మిగిలినవి పైపు, ఫిల్టరు, ట్యాంకు. ఈ రెండు పరీక్షలతో దారి మూడు ముక్కలై, వెతకవలసిన భాగం ఒక్కటే మిగులుతుంది.

పంపు మీద అనుమానం నిలిస్తే కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, దాని కొసను గాజు సీసాలో ఉంచి, కాయిల్‌కు వచ్చే తీగను తొలగించి సెల్ఫ్‌తో ఇంజిన్‌ను తిప్పాలి. ఆరోగ్యమైన పంపు నుంచి పెట్రోలు విడివిడి ఉరుకులుగా, ప్రతి ఉరుకూ బలంగా వస్తుంది. నురగతో వస్తే గాలి కలుస్తోందని, నీరసంగా కారితే పొర గానీ, లోపలి కవాటాలు గానీ దెబ్బతిన్నాయని అర్థం. పంపుకూ ఇంజిన్ దిమ్మకూ మధ్య మందపాటి గ్యాస్కెట్ వేసినా మీట కదలిక తగ్గిపోయి కొత్త పంపు కూడా సరిగా ఎత్తిపోయదు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది గనుక నేల మీద, సర్వీసింగ్ గుంతల్లో పేరుకుంటుంది. ఈ పరీక్షలను ఆరుబయట, నిప్పుకు దూరంగా, మంటలార్పే సిలిండరును చేతికందే చోట ఉంచుకొని చేయడం తప్పనిసరి.

చుక్క కారని చిల్లు

పంపుకు వెనుక ఉన్న గొట్టాలన్నీ పీల్చే వైపువి కాబట్టి ఇంజిన్ నడుస్తున్నప్పుడు వాటి లోపలి పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువగా ఉంటుంది. ఆ వైపున చిల్లు పడితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద మరక గానీ, వాసన గానీ లేకుండానే పంపు పెట్రోలుకు బదులు గాలిని పీలుస్తూ ఉంటుంది. ఎండిపోయిన రబ్బరు గొట్టం, ఫిల్టరు గిన్నె అంచు కింద కుంచించుకుపోయిన కార్క్ గ్యాస్కెట్, సరిగా కూర్చోని పైపు కలయిక దీనికి సాధారణమైన చోట్లు. పంపుకు ముందు పెట్రోలును తట్టుకునే పారదర్శక గొట్టపు ముక్కను తాత్కాలికంగా అమర్చితే బుడగలు కంటికి కనిపిస్తాయి. అనుమానమున్న కలయికలను ఒక్కొక్కటిగా వెనక్కి దాటుతూ ఈ ముక్కను ట్యాంకు వైపు జరుపుకుంటూ పోతే, బుడగలు మాయమైన చోటికీ అంతకు ముందు చోటికీ మధ్యనే చిల్లు ఉందని నిర్ధారణ అవుతుంది.

ట్యాంకు దగ్గర రెండు లోపాలు కవలల్లా కనిపిస్తాయి. ఒకటి మూతలోని గాలి రంధ్రం పూడిపోవడం. మూత బిగించిన నూనె డబ్బాకు ఒకే రంధ్రం చేస్తే నూనె ఆగి ఆగి పడి, రెండో రంధ్రం చేయగానే ధార కట్టినట్లే, ట్యాంకులోంచి పెట్రోలు తరిగిన మేరకు పైనుంచి గాలి రాకపోతే లోపల శూన్యత పెరిగి పంపు ఓడిపోతుంది. రెండోది, అడుగున పేరుకున్న తుప్పు రేకులు పీల్చే గొట్టం మూతికి అంటుకోవడం. రెండు సందర్భాల్లోనూ బండి కొన్ని కిలోమీటర్లు నడిచి ఆగుతుంది, కాసేపు నిలిపితే మళ్లీ లేస్తుంది. మొదటి దానిలో ఆ విరామంలో గాలి మెల్లగా లోపలికి చొరబడుతుంది, రెండో దానిలో పీల్పు లేక రేకులు రాలిపోతాయి. తేడా తెలియాలంటే ఆగిన వెంటనే మూత విప్పాలి: గాలి లోపలికి పోతున్న బుస వినిపించి ఇంజిన్ కోలుకుంటే లోపం రంధ్రానిది. బుస లేకపోతే పంపు దగ్గర పైపు విప్పి, తక్కువ పీడనంతో ట్యాంకు వైపు గాలి ఊది చూడాలి. మొదట అడ్డు తగిలి, ఆ వెంటనే ట్యాంకులో బుడబుడమని వినిపిస్తే మూతిని మూసింది తుప్పే. అటువంటప్పుడు ఫిల్టరు ఎన్నిసార్లు శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు, ట్యాంకును దించి కడగవలసిందే.

ఢిల్లీ వేసవి, వేపర్ లాక్

2024 మే 29న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద మరిగే అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఆవిరవడం మొదలుపెడతాయి. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత ఇంకా దిగుతుంది గనుక, పంపు పీల్చే వైపు గొట్టంలో పెట్రోలు త్వరగా బుడగలు కడుతుంది. ద్రవం కోసం చేసిన పంపు ఆవిరిని నొక్కగలదే గాని ముందుకు నెట్టలేదు. ఈ స్థితినే వేపర్ లాక్ అంటారు. వేగంగా పోతున్నంతసేపు చల్లని పెట్రోలు పారుతూ, గాలి తగులుతూ ఉండే గొట్టం, రింగు రోడ్డు మీద ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడిని పీల్చుకుంటుంది. ఇంజిన్ ఆపేశాక కొన్ని నిమిషాలపాటు ఆ వేడి మరింత పెరుగుతుంది, అందుకే పెట్రోలు బంకు దగ్గర ఆపిన బండి తిరిగి లేవదు.

నిర్ధారణ సులభం: తడిగుడ్డను పంపు మీద, దానికి వచ్చే పైపు మీద చుట్టి కొద్ది నిమిషాలు ఆగితే, వేపర్ లాక్ అయిన పక్షంలో పెట్రోలు తిరిగి పారుతుంది, జ్వలన లోపమైతే మార్పు ఉండదు. కాగిన పోత ఇనుము మీద నీళ్లు పోస్తే పగులు వస్తుంది కాబట్టి తడిగుడ్డను పంపుకూ, ఆ పైపుకూ పరిమితం చేయాలి. శాశ్వత పరిష్కారం పైపును మానిఫోల్డ్ నుంచి దూరంగా తిప్పడం, మధ్యలో రేకు అడ్డం పెట్టడం, కార్బురేటర్ కింద వేడిని ఆపే దిమ్మను అమర్చడం. అయితే పీల్చే వైపు పాక్షికంగా పూడిన ఫిల్టరు ఉంటే గొట్టంలో పీడనం మామూలు కన్నా పడిపోయి వేపర్ లాక్ ముందే వస్తుంది, గాలి చిల్లు ఉంటే పంపు ద్రవానికి బదులు గాలిని పీలుస్తూ ముందే ఓడిపోతుంది గనుక, ఎండను నిందించే ముందు ఆ రెండింటినీ పరీక్షించడం న్యాయం.

ఇథనాల్ తెచ్చిన మార్పు

భారతదేశంలో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2022లో నెరవేరింది, 20 శాతం కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో విడుదలై క్రమంగా దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ పాత బండి మీద నాలుగు విధాలుగా పనిచేస్తుంది. అది మంచి ద్రావణి గనుక దశాబ్దాలుగా ట్యాంకు గోడలకు అంటుకున్న జిగురును కరిగించి ఫిల్టరుకు, జెట్లకు పంపుతుంది. అది తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి, పీల్చే గొట్టం మూతి ఉన్నది కూడా అడుగుననే. పాతకాలపు పంపు పొరలను, కార్క్‌ను, కొన్ని రకాల రబ్బరును అది ఉబ్బించి బలహీనపరుస్తుంది కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ వంటి పదార్థంతో చేసిన పొరలు, గొట్టాలు వేయడం అవసరం.

నాలుగోది సూక్ష్మమైనది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి ఈ లెక్క దాదాపు 13.5 అవుతుంది. నేటి కార్లలో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ చూసి కంప్యూటర్ ఇంధనాన్ని పెంచుతుంది. రంధ్రం కొలత మారని పాత జెట్‌కు ఆ వీలు లేదు. ఫలితంగా మిశ్రమం సుమారు 8 శాతం పలచబడి, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తటపటాయించడం, కార్బురేటర్‌లోంచి తిరిగి తుమ్మడం, వేడెక్కడం కనిపిస్తాయి. ఇక్కడ ప్రవాహం సక్రమంగానే ఉంటుంది గనుక పంపు మార్చినా ఫలితం ఉండదు. ప్లగ్గుల కొసలు తెల్లగా మారాయో లేదో చూసి, కొంచెం పెద్ద జెట్ వేయడమే చికిత్స.

పెట్రోలు ఎక్కువైనా దోషమే

నల్లని పొగ, మసి పట్టిన ప్లగ్గులు, కార్బురేటర్ అంచున చెమ్మ కనిపిస్తే పెట్రోలు మితిమీరి వస్తోందని అర్థం. సూది కవాటం కింద తుప్పు కణం ఇరుక్కోవచ్చు. మార్చిన పంపులోని స్ప్రింగు మరీ బలమైనదై సూదిని నెట్టివేయవచ్చు. ఇత్తడి ఫ్లోట్‌కు సూదిమొన అంత చిల్లు పడి, లోపలికి పెట్రోలు చేరి అది మునిగిపోవచ్చు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే ద్రవం కదిలే చప్పుడు వినిపిస్తుంది. మంటకు దూరంగా, పాత్రలో తెచ్చిన వేడినీళ్లలో ముంచితే లోపలి గాలి వ్యాకోచించి చిల్లు ఉన్న చోటు నుంచి సన్నని బుడగల వరుస పైకి లేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది పంపు పొర చిరిగి పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగడం. ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరిగినా, కొలపుల్లకు పెట్రోలు వాసన వచ్చినా ఇంజిన్‌ను ఇక నడపకూడదు, ఎందుకంటే పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

జబల్‌పూర్‌లోనే తయారైన శక్తిమాన్ వంటి డీజిల్ ట్రక్కుల్లో జ్వలన కాయిల్, కార్బురేటర్ ఉండవు గాని, గాలి ప్రభావం ఇంకా తీవ్రం. ఇంజెక్షన్ పంపు చాలా ఎక్కువ పీడనంతో పనిచేస్తుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది కాబట్టి కొద్దిపాటి బుడగ ఉన్నా ఇంజెక్టర్ తెరుచుకోదు. మెకానిక్కులు ఎయిర్ పట్టిందనే ఈ స్థితిలో చేతిపంపు కొడుతూ, ఫిల్టరు నుంచి ఇంజెక్షన్ పంపు వరకు ఉన్న స్క్రూలను వరుసగా వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా గాలిని వెళ్లగొట్టాలి. మర్నాటికి మళ్లీ ఎయిర్ పడితే పీల్చే వైపు చిల్లు ఇంకా ఉన్నట్లే.

లెక్క రాసిపెట్టే అలవాటు

ఈ వాహనాలను సైన్యం దశాబ్దాలపాటు నడిపించగలిగింది ప్రత్యేకమైన విడిభాగాల వల్ల కాదు, క్రమబద్ధమైన పరీక్షల వల్ల. అమెరికా యుద్ధ శాఖ 1944 ఫిబ్రవరిలో ఈ జీపు కోసం ప్రచురించిన టీఎం 9-803 అనే సాంకేతిక గ్రంథం లక్షణం, సంభవనీయ కారణం, చేయవలసిన పరీక్ష అనే వరుసలోనే దోషాలను వివరిస్తుంది. 1943 అక్టోబరు 15న ఏర్పడిన ఈఎంఈ దళం భారత సైన్యంలో మరమ్మతు బాధ్యతను వహిస్తోంది. దాని కళాశాల సికింద్రాబాద్‌లోని తిరుమలగిరిలో ఉంటే, 505 ఆర్మీ బేస్ వర్క్‌షాప్ ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉంది. యూనిట్‌లో చేయదగిన పనిని యూనిట్‌లోనే చేసి, మించినదాన్ని పైస్థాయి వర్క్‌షాపుకు పంపే ఆ పద్ధతికి ఆధారం లోపం ఏదో ముందుగా నిర్ణయించగలగడమే.

సొంతదారు కూడా బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడే పంపు పీడనాన్ని, నిర్ణీత సమయంలో సీసాలోకి వచ్చే పెట్రోలు పరిమాణాన్ని, ప్లగ్గుల రంగును, ఫిల్టరు గిన్నెలో దొరికిన మలినాన్ని తేదీతో సహా పుస్తకంలో రాసిపెట్టుకుంటే, దోషం వచ్చిన రోజున పోల్చి చూడడానికి ప్రమాణం చేతిలో ఉంటుంది. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, దాని ఫలితం చూశాకనే రెండోదానికి పోవాలి. పంపు, కాయిల్, కార్బురేటర్ ఒకేసారి మార్చితే బండి నడవవచ్చు గాని ఏది చెడిందో ఎన్నటికీ తెలియదు, అసలు లోపం ట్యాంకులోనే ఉండి మరుసటి ర్యాలీలో తిరిగి రావచ్చు. కశ్మీరీ గేట్ విడిభాగాల దుకాణాల్లోనూ, మాయాపురి పాత సామాను బజారులోనూ ఎంత వెతికినా తయారీ నాటి అసలు భాగాలు దొరకడం ఏటేటా తగ్గుతోంది. అటువంటప్పుడు మంచి భాగాన్ని అనుమానంతో పారవేయకుండా కాపాడేది పరీక్ష ఒక్కటే. ఈ బండ్లు రాబోయే తరాలకు నడిచే స్థితిలో అందాలంటే కొలిచి నిర్ణయించే ఈ విద్య కూడా వాటితోపాటు అందాలి.